మొదటి ఇల్లు ఫ్లాటా, ఇండిపెండెంట్ హౌసా? హైదరాబాద్‌లో కొనేవాళ్లు వరుసగా చేయాల్సిన పనులు

ఈ ప్రశ్న నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ముప్పై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవాళ్లే. పెళ్లయి ఒకటి రెండేళ్లు, ఇద్దరికీ ఉద్యోగాలు, చేతిలో ఓ ఇరవై ముప్పై లక్షలు. ఊళ్లో నాన్నేమో "నేల ఉన్న ఇల్లు కొనరా, గాల్లో ఫ్లాటు ఎందుకు" అంటారు. ఆఫీసులో పక్క సీటు అతను గేటెడ్ కమ్యూనిటీలో స్విమ్మింగ్ పూల్ ఫొటోలు చూపిస్తాడు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, చాలామంది చివర చేయాల్సిన పనిని ముందు చేస్తారు. ఆదివారం సరదాగా వెళ్లి ఇల్లు చూస్తారు, నచ్చేస్తుంది. ఒకసారి నచ్చాక వేసే లెక్కలన్నీ ఆ ఇంటికి అనుకూలంగానే వస్తాయి. అందుకే కింద చెప్పిన వరుస మార్చకండి. ఇల్లు చూడటానికి వెళ్లడం ఇందులో ఐదో పని.

హైదరాబాద్‌ని దృష్టిలో పెట్టుకుని రాశాను. విజయవాడ, విశాఖ వాళ్లకి ఆఫీసుల పేర్లు మారతాయి గానీ పనుల వరుస ఇదే.

1. ముందు డబ్బు లెక్క, అదీ పూర్తిగా

"80 లక్షల ఫ్లాటు, బ్యాంకు 80 శాతం ఇస్తుంది, నాకు 16 లక్షలుంటే చాలు" అనుకునేవాళ్లు సగం దారిలో ఆగిపోతారు.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు హోమ్ లోన్‌కి ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కి 80 శాతం దాకా, 75 లక్షలు దాటితే 75 శాతం దాకానే బ్యాంకు ఇవ్వగలదు. ఆ విలువలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలపరు. అవి మీ జేబులోంచే పోవాలి.

80 లక్షల ఫ్లాటుకి లెక్క ఇలా వేసుకోండి:

- మీ వాటా 20 శాతం: 16 లక్షలు
- స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం: 6 లక్షలు (ఆంధ్రలో కూడా మొత్తం ఇంతే)
- ఇంకా కడుతున్న ఫ్లాటయితే 5 శాతం జీఎస్టీ: 4 లక్షలు
- వార్డ్‌రోబ్‌లు, కిచెన్ ఉడ్‌వర్క్, ఫ్యాన్లు, గ్రిల్స్, కర్టెన్లు: ఎంత పొదుపు చేసినా 6 లక్షలు
- కార్పస్ ఫండ్ (బిల్డింగ్ పెద్ద ఖర్చుల కోసం అందరూ కట్టే నిధి), అడ్వాన్స్ మెయింటెనెన్స్, లాయరు, బ్రోకరు, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు: ఓ లక్షన్నర, రెండు

అంటే చేతిలో 30 నుంచి 34 లక్షలు ఉండాలి, 16 కాదు. ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాక కొనే ఫ్లాటుకి, పాత ఫ్లాటుకి జీఎస్టీ ఉండదు. ఆ 4 లక్షలు మిగిలితే ఉడ్‌వర్క్‌లో చాలాభాగం అయిపోతుంది.

64 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లయితే ఈఎంఐ సుమారు 55,500. దీన్ని కాగితం మీద చూసి "కట్టేస్తాం లే" అనుకోవద్దు. కట్టి చూడండి. ఇప్పుడు అద్దె 22 వేలు కడుతుంటే, ఈఎంఐకి మెయింటెనెన్స్ కూడా కలిపి 60 వేలు అనుకుని, తేడా 38 వేలు ప్రతి నెలా ఒకటో తారీఖునే వేరే ఖాతాలోకి పంపండి. ఆరు నెలలు ముట్టుకోకూడదు. మూడో నెలలో అందులోంచి డబ్బు తీయాల్సి వచ్చిందంటే ఆ ధర ఇల్లు మీకు ఇంకా పెద్దదే. నిలబడ్డారంటే రెండు లక్షలకు పైగా పోగయినట్టు, అది ఉడ్‌వర్క్‌కి పనికొస్తుంది.

ఇద్దరి జీతం చూపించి లోను తీసుకుంటే ఇంకో ప్రశ్న ఉంది: పాప పుట్టి ఏడాదిపాటు ఒక్క జీతమే వస్తే ఇల్లు నడుస్తుందా? బ్యాంకువాళ్లు ఈ మాట అడగరు.

పన్ను మినహాయింపు కోసం కొంటున్నాం అనేవాళ్లకి ఒక మాట. సొంతంగా ఉండే ఇంటి లోను వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల మినహాయింపు పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో ఉన్నవాళ్లకి అది లేదు.

2. ఇండిపెండెంట్ హౌస్ అయితే "వైట్ (కాగితం మీద చూపే ధర) ఎంత" అని ముందే అడగండి

ఇది విడిగా చెప్పడానికి కారణం ఉంది. కొత్త ప్రాజెక్టు ఫ్లాటు మామూలుగా మొత్తం ధరకీ అగ్రిమెంటు అవుతుంది. ఇండిపెండెంట్ ఇళ్ల దగ్గరే "50కి రిజిస్ట్రేషన్, మిగతా 30 క్యాష్" అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది.

ఒప్పుకుంటే ఏమవుతుందో చూడండి. బ్యాంకు మీకు 50 లక్షల మీదే లోనిస్తుంది, అంటే 40. మిగిలిన 40 లక్షలు మీరే తేవాలి, అందులో 30 నోట్ల కట్టలుగా. రేపు మీరు ఆ ఇంటిని పూర్తి ధరకి అమ్మితే, ఆ 30 లక్షలు కూడా మీకు వచ్చిన లాభంగానే లెక్కలోకి వస్తాయి. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టానికి విరుద్ధం. తీసుకున్నవాళ్లకి అంత మొత్తమూ జరిమానా పడుతుంది. మీరు జీతం మీద బతికేవాళ్లయితే ఇలాంటి ఇంటిని గుమ్మం దగ్గరే వదిలేయండి. చూడటానికి కూడా వెళ్లొద్దు.

3. మీ రోజు ఎలా గడుస్తుందో కాగితం మీద రాయండి

భార్యాభర్తలిద్దరూ విడివిడిగా రాసి, తర్వాత పక్కపక్కన పెట్టుకోండి. కలిసి రాస్తే ఒకరి మాటే కాగితం మీదకి వస్తుంది.

- వారంలో ఎన్ని రోజులు ఆఫీసు? ఎక్కడ? ఉదయం 9 గంటలకు అక్కడికి ఎంతసేపు?
- ఇంట్లో పగలు ఎవరుంటారు? ప్లంబరు వస్తే తలుపు తీసేదెవరు?
- అమ్మానాన్న వచ్చి ఉంటారా? మెట్లు ఎక్కగలరా? సాయంత్రం మాట్లాడుకునే మనుషులు కావాలా?
- రెండేళ్లలో వేరే ఊరికి గానీ, విదేశానికి గానీ వెళ్లే అవకాశం ఉందా?
- కుక్కని పెంచుతారా, మొక్కలు కావాలా, ఆవకాయ జాడీలు ఎండబెట్టుకునే డాబా కావాలా?

చివరిది నవ్వులాటగా రాయలేదు. డాబా లేక ఫ్లాట్‌లో ఇమడలేకపోయిన అత్తగార్లని నేను చూశాను.

గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ, ఫ్లాటు ధరకే ఇల్లొస్తుందని తూర్పు చివరనున్న నాగారం, రాంపల్లి వైపు కొన్నవాళ్ల రోజులో రెండున్నర మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. అదే ఉద్యోగం ఉప్పల్‌లోనో, సొంత వ్యాపారం ఎల్బీనగర్‌లోనో ఉంటే ఆ తూర్పు వైపు ఇల్లే సుఖం. ఫ్లాటా, ఇల్లా అన్న ప్రశ్న సగం ఇక్కడే తేలిపోతుంది: మీకు కావాల్సిన చోట మీ డబ్బుకి ఏది దొరుకుతుందో అదే.

4. మీరు కొంటున్నది ఏమిటో విడదీసి చూడండి

ఇండిపెండెంట్ హౌస్‌లో లెక్క తేలిక. 120 గజాల స్థలం, గజం 45 వేలు అనుకుంటే 54 లక్షలు. దాని మీద 1,300 ఎస్‌ఎఫ్‌టీ కట్టడం, ఎస్‌ఎఫ్‌టీకి 2,000 అనుకుంటే 26 లక్షలు. మొత్తం 80. కట్టడం ఏటేటా పాతబడుతుంది. మీ ఇంటి విలువ పెరిగితే అది నేల వల్లే. కాబట్టి అమ్మేవాళ్లు చెప్పే ధరలోంచి కట్టడం ఖరీదు తీసేసి, మిగిలింది గజానికి ఎంత పడుతుందో చూడండి. అదే వీధిలో ఖాళీ ప్లాటు ఎంతకి పోతోందో అడగండి. రెండిటికీ పొంతన లేకపోతే మీరు ఇటాలియన్ మార్బుల్‌కీ, ఫాల్స్ సీలింగ్ లైట్లకీ డబ్బిస్తున్నట్టే.

ఫ్లాటుకి రెండు అంకెలు కావాలి: కార్పెట్ ఏరియా, యూడీఎస్.

కార్పెట్ ఏరియా అంటే లోపల వాడుకునే నేల. ఫ్లాటు లోపలి అడ్డుగోడలు ఇందులో కలుస్తాయి. బయటి గోడలు, బాల్కనీ, షాఫ్టులు (పైపులు వెళ్లే సందులు) కలవవు. బ్రోకరు చెప్పే "1,500 ఎస్‌ఎఫ్‌టీ" సూపర్ బిల్టప్: లిఫ్టు, కారిడారు, మెట్లు, ఒక్కోచోట క్లబ్ హౌస్ వాటా కూడా కలిపినది.

కిందటేడు మా తమ్ముడితో అలాంటి 1,500 ఫ్లాటు చూడటానికి టేపు పట్టుకుని వెళ్లాను. బ్రోషర్‌లో మాస్టర్ బెడ్‌రూం 14 అడుగులు. టేపు 13 అడుగుల 4 అంగుళాల దగ్గర గోడకి తగిలింది. వార్డ్‌రోబ్‌కి రెండడుగులు తీసేస్తే, ఆరడుగుల మంచం వేశాక అటు పక్క మనిషి అడ్డంగా నడవాలి. అన్ని గదులూ కొలిచి కూడితే 1,040 వచ్చింది. 80 లక్షలని 1,500తో భాగిస్తే ఎస్‌ఎఫ్‌టీకి 5,333; 1,040తో భాగిస్తే 7,692. మర్నాడు చూసిన ఇంకో ఫ్లాటు 1,380 అని చెప్పారు, లోపల కొలిస్తే 1,030. మావాడు "చిన్నది" అని వద్దనుకున్న ఫ్లాటు అది. మీరు ఫ్లాట్లని పోల్చేది కార్పెట్ మీదే.

యూడీఎస్ అంటే మొత్తం స్థలంలో మీ పేరున రాసే విడదీయని వాటా. 500 గజాల్లో పది ఫ్లాట్లున్న చిన్న అపార్ట్‌మెంట్‌లో సుమారు 50 గజాలు వస్తుంది. పెద్ద టవర్లలో సగం కూడా రాకపోవచ్చు. యూడీఎస్ ఎక్కువుంటే మంచిదే, కానీ దాన్నే పట్టుకుని వేలాడకండి. ఆ 50 గజాల చుట్టూ మీరు గోడ కట్టుకోలేరు, విడిగా అమ్ముకోలేరు. ముప్పై ఏళ్ల తర్వాత బిల్డింగ్ పడగొట్టి మళ్లీ కడదామంటే ఓనర్లంతా ఒక్క మాట మీదకి రావాలి. పది మంది కూర్చుని లిఫ్టు రిపేరు గురించి తేల్చుకోవడం ఎంత కష్టమో ఏ అసోసియేషన్ సెక్రటరీనైనా అడగండి.

నెల ఖర్చు కూడా ఇక్కడే వేసుకోండి. 1,500 ఎస్‌ఎఫ్‌టీకి మూడున్నర చొప్పున మెయింటెనెన్స్ 5,250. ఇంటికి మెయింటెనెన్స్ లేదని సంబరపడొద్దు. మోటారు కాలిపోతుంది, సంపు కడిగించాలి, సెప్టిక్ ట్యాంకు తీయించాలి, నాలుగేళ్లకోసారి డాబాకి వాటర్‌ప్రూఫింగ్, ఐదారేళ్లకోసారి రంగులు. ఇల్లు కొంటే నెలకి ఐదు వేలు ఆర్‌డీలో వేసుకోండి.

5. ఇప్పుడు వెళ్లి చూడండి, కనీసం రెండుసార్లు

ఒకసారి పగలు, ఒకసారి రాత్రి 8 తర్వాత. రెండోసారి బ్రోకరు లేకుండా.

ఫ్లాటు దగ్గర మీకు నిజం చెప్పే చోటు లిఫ్టు పక్కనున్న నోటీసు బోర్డు. నేనొకచోట మోడల్ ఫ్లాటు చూసి కిందకి దిగుతూ ఆ బోర్డు చదివాను. "ఏప్రిల్ నెల ట్యాంకర్ల ఖర్చు" అని ఒక కాగితం. దాని కింద మెయింటెనెన్స్ బాకీ ఉన్న ఫ్లాట్ల నంబర్లు, మొత్తం 40లో 11. మూడో కాగితం, రెండో లిఫ్టు పనిచేయదని, తారీఖు చూస్తే రెండు నెలల కిందటిది. బ్రోకరు గంటసేపు చెప్పినదాంట్లో ఈ మూడూ లేవు.

ఫ్లాటు దగ్గర చూడాల్సినవి:

- వాచ్‌మన్‌ని అడగండి: మే నెలలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు? జలమండలి కనెక్షన్ ఉందా, బోరు మీదే నడుస్తోందా?
- పై ఫ్లాటు బాత్రూం కింద మీ సీలింగ్‌లో పసుపు మరకలు, ఉబ్బిన పెయింటు
- కారు పార్కింగ్ నంబరు ఏది, అక్కడ నిజంగా మీ కారు తిరుగుతుందా
- అద్దెకున్నవాళ్లు ఎంతమంది, ఓనర్లు ఎంతమంది
- జనరేటర్ మీ ఫ్లాటు లోపలికి ఇస్తుందా, లిఫ్టుకేనా

ఇల్లయితే చూడాల్సినవి:

- 2020 అక్టోబరు వానల్లో ఈ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటివాళ్లని అడగండి. ఆ ఏడాది ముంపు అక్కడున్నవాళ్లకి బాగా గుర్తుంటుంది, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.
- బోరు ఎన్ని అడుగులు, ఎండాకాలం ఎంతసేపు పోస్తుంది. మోటారు వేయించి కళ్లారా చూడండి.
- బోరుకీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య దూరం
- డ్రైనేజీ లైను వీధిలో ఉందా
- గోడల అడుగున అడుగు ఎత్తు దాకా చెమ్మ ఉందా. కొత్తగా ఆ అడుగు మేరకే రంగు వేశారంటే ఉన్నట్టే
- ప్లాన్‌లో రోడ్డు 30 అడుగులని ఉంటే, టేపు పెట్టి కొలవండి
- చుట్టూ వదలాల్సిన ఖాళీ వదిలారా, పైన పెంట్‌హౌస్ ప్లాన్‌లో ఉందా

అమ్మడానికే కట్టిన ఇళ్లతో కాస్త జాగ్రత్త. ఓనరు ఉండటానికి కట్టుకున్న ఇంటికీ, అమ్మడానికి కట్టిన ఇంటికీ తేడా కంటికి కనిపించని చోట్లే ఉంటుంది: పునాది, ఇనుము, డాబా, పైపులు. తెలిసిన మేస్త్రీనో, సివిల్ ఇంజినీర్నో ఐదు వేలిచ్చి తీసుకెళ్లండి.

6. కాగితాలు: ఫ్లాటుకి ఒక దారి, ఇంటికి ఇంకో దారి

ఈ పనికే ఎక్కువ టైమ్ పెట్టండి. రిజిస్ట్రేషన్ అయిందంటే హక్కు ఖాయమైనట్టు కాదు. సబ్ రిజిస్ట్రార్ డాక్యుమెంటుని నమోదు చేస్తారే గానీ, అమ్మేవాడికి హక్కుందని హామీ ఇవ్వరు.

*కొత్త ఫ్లాటు:*

- 500 చదరపు మీటర్ల స్థలం గానీ, 8 ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టుకి రెరా (స్థిరాస్తి ప్రాజెక్టులని నియంత్రించే సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది రాకుండా ప్రకటనలివ్వడం, బుకింగ్‌లు తీసుకోవడం కూడా తప్పే. "ప్రీ లాంచ్ ఆఫర్", "యూడీఎస్ కింద కొనండి, సగం ధరే" అంటే లేచి వచ్చేయండి.
- రెరా నంబరుతో తెలంగాణ రెరా వెబ్‌సైట్లో ఆమోదించిన ప్లాను, పూర్తి చేస్తామన్న తేదీ, కార్పెట్ ఏరియా చూడండి. బ్రోషర్‌ని దాంతో పోల్చండి.
- అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు.
- ఆలస్యమైతే వడ్డీ, కట్టడంలో లోపాలకి ఐదేళ్ల బాధ్యత చట్టంలోనే ఉన్నాయి. అగ్రిమెంటులో వాటిని నీరుగార్చే వాక్యాలుంటే కొట్టేయించండి.

*పాత ఫ్లాటు:*

- ఓసీ. ఇది లేకుండా జనం ఏళ్ల తరబడి ఉంటున్నారు, నిజమే. కానీ మీరు అమ్మే రోజున మీ కొనుగోలుదారు బ్యాంకు అడుగుతుంది.
- ప్లాన్‌లో ఐదంతస్తులుండి మీరు కొనేది ఆరోదైతే వద్దు, ఎంత చవకైనా.
- అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న లెటరు
- అమ్మేవాళ్ల లోను ఉంటే బ్యాంకు నుంచి ఎంత బాకీ, ఏ కాగితాలు ఉన్నాయన్న లెటరు

*ఇండిపెండెంట్ హౌస్:*

- 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి మారిందో చూపే పాత దస్తావేజులు), 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్). మధ్యలో ఒక్క లింకు జీపీఏ (ఓనరు తన తరఫున వేరొకరికి అధికారం రాసిచ్చిన కాగితం) మీదో, నోటరీ మీదో నడిచి ఉంటే లాయరు చూడకుండా అడుగు వేయొద్దు.
- లేఅవుట్‌కి హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ (లేఅవుట్లని ఆమోదించే ప్రభుత్వ సంస్థలు) అనుమతి. గ్రామ పంచాయతీ లేఅవుటయితే ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లని క్రమబద్ధం చేసే పథకం) ప్రొసీడింగ్ ఉందా, దరఖాస్తు రసీదు మాత్రమే ఉందా?
- ఇంటి ప్లాను, ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు, మూడూ ఒకే పేరు మీద, ఒకే ఇంటి నంబరుతో
- సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా: అసైన్డ్ (పేదలకి ప్రభుత్వం ఇచ్చినవి), శిఖం (చెరువు లోపలివి), వక్ఫ్, దేవాదాయ భూములు
- చెరువు ఎంత దూరం. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు ఉండకూడని ఖాళీ. 2024 జులైలో హైడ్రా (చెరువులు, ప్రభుత్వ స్థలాల్లో ఆక్రమణలు తొలగించే సంస్థ) వచ్చాక జరిగిన కూల్చివేతలు అందరూ చూశారు. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్లో ఉన్నాయి; సర్వే నంబరు పట్టుకుని చూడండి. గేటెడ్ కమ్యూనిటీకీ ఇది చూడాల్సిందే.

వారసుల సంగతి విడిగా చెప్తాను, ఎందుకంటే నేనే దెబ్బతిన్నాను. బోడుప్పల్ వైపు 133 గజాల ఇల్లు నచ్చి, లక్ష రూపాయలు బయానా ఇచ్చాను. అమ్మేది ఇద్దరు అన్నదమ్ములు, ఇల్లు వాళ్ల నాన్న పేరున ఉండేది, ఆయన వీలునామా రాయకుండా పోయారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగితే "తెస్తాం" అన్నారు. మూడు వారాలకి తెచ్చారు. అందులో మూడో పేరు ఉంది, పెళ్లయి నిజామాబాద్‌లో ఉంటున్న చెల్లెలు. "కట్నం ఇచ్చేశాం, ఆమెకేం సంబంధం లేదు" అన్నారు. సంబంధం ఉంది, తండ్రి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా. ఆమె సంతకానికి రాలేదు, నేను కొనలేదు. లక్ష తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. బయానా కాగితంలో "కాగితాలు సరిగా లేకపోతే 15 రోజుల్లో వాపసు" అన్న ఒక్క వాక్యం రాయించి ఉంటే ఆ నాలుగు నెలల టెన్షన్ ఉండేది కాదు.

లాయరు ఫీజు దగ్గర బేరం ఆడకండి. బ్యాంకు లీగల్ ఒపీనియన్ బ్యాంకు డబ్బు కోసం, మీ లాయరు మీ కోసం.

7. ఇక తేల్చుకోండి

ఇంతవరకూ వచ్చాక చాలామందికి జవాబు దానంతటదే వచ్చి ఉంటుంది. ఇంకా ఊగిసలాటలో ఉంటే నా అభిప్రాయం ఇది.

ఇద్దరికీ ఐటీ కారిడార్‌లో ఉద్యోగాలు, పగలు ఇల్లు తాళం వేసి ఉంటుంది, నాలుగైదేళ్లలో మారే అవకాశం ఉంది అంటే: ఓసీ ఉన్న, ఐదు నుంచి పదేళ్ల వయసున్న ఫ్లాటు. కొత్తది కాదు. పదేళ్లలో బిల్డింగ్‌లోని లోపాలన్నీ బయటపడి ఉంటాయి, అసోసియేషన్ తీరు కనిపిస్తుంది, జీఎస్టీ లేదు, మర్నాడే దిగొచ్చు. అద్దెకిచ్చి వెళ్లాల్సి వచ్చినా సులువు.

ఇదే ఊళ్లో స్థిరపడతాం, అమ్మానాన్న మాతోనే ఉంటారు, పై అంతస్తు వేసి అద్దెకిచ్చుకోవాలనుంది, ఆఫీసు దగ్గరే అంటే: ఇల్లు. కానీ పై అంతస్తు అద్దెని ఈఎంఐ లెక్కలో కలపకండి. కిరాయిదారు ఖాళీ చేసిన నెల కూడా బ్యాంకు ఈఎంఐ పట్టుకుంటుంది.

కావాల్సిన చోట ఇల్లు అందట్లేదు, అందే ఫ్లాటు నచ్చట్లేదు అంటే ఇంకో రెండేళ్లు అద్దెకే ఉండండి. అదీ ఒక నిర్ణయమే. 80 లక్షల ఫ్లాటు అద్దె మామూలుగా ఈఎంఐలో సగం ఉంటుంది.

8. బయానా నుంచి తాళాల దాకా వరుస

1. కాగితాల జిరాక్సులు తీసుకుని లాయరుకి ఇవ్వండి. ఆయన సరే అన్నాకే డబ్బు.
2. బయానా చిన్నదిగా, చెక్కు లేదా ఆన్‌లైన్‌లో. వాపసు షరతు రాతలో.
3. రెండు బ్యాంకుల్లో లోనుకి అప్లై చేయండి. సిబిల్ స్కోరు అంతకు మూడు నెలల ముందే చూసుకోండి. పాత క్రెడిట్ కార్డు బాకీ చిన్నదైనా తీర్చేయండి.
4. అగ్రిమెంటు ఆఫ్ సేల్: ధర, తేదీ, పార్కింగ్ నంబరు, ఇంట్లో వదిలేసే వస్తువులు, లోను రాకపోతే ఏం జరుగుతుంది.
5. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికిచ్చే డబ్బులోంచి ముందే పట్టే పన్ను) మీరే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటే 1 శాతంతో సరిపోదు, అంతకంటే చాలా ఎక్కువ పట్టాలి. హైదరాబాద్‌లో ఇలాంటి ఫ్లాట్లు చాలా ఉన్నాయి. మర్చిపోతే ఆ పన్ను మీ మెడకే చుట్టుకుంటుంది, కాబట్టి ముందే ఆడిటర్ని కలవండి.
6. రిజిస్ట్రేషన్‌కి ముందు రోజు తాజా ఈసీ తీయండి.
7. భార్యాభర్తలిద్దరి పేరునా రిజిస్టర్ చేయించుకుంటే, ఇద్దరూ లోనులో ఉన్నప్పుడు చిక్కులు తక్కువ.
8. రిజిస్ట్రేషన్ అయ్యాక ఆస్తి పన్ను, కరెంటు మీటరు, నీటి కనెక్షన్ మూడూ మీ పేరుకి మారాయో లేదో చూడండి.

9. ఎక్కువమంది చేసే పొరపాట్లు, వాటికి మందు

*ఉన్నదంతా డౌన్ పేమెంట్‌లో పెట్టేయడం.* ఆరు నెలల ఈఎంఐ పక్కన లేకుండా కొనకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే, ఉడ్‌వర్క్ ఆపండి. వంటగది, ఒక బెడ్‌రూం చాలు, మిగతాది బోనస్ వచ్చాక.

*లోను 30 ఏళ్లకి పెట్టి మర్చిపోవడం.* వ్యక్తులు ఫ్లోటింగ్ రేటు మీద తీసుకున్న హోమ్ లోన్‌ని ముందే కడితే జరిమానా లేదు. ఏడాదికి ఒక ఈఎంఐ అదనంగా కట్టినా కాలం చాలా తగ్గుతుంది. కట్టేటప్పుడు "ఈఎంఐ కాదు, కాలం తగ్గించండి" అని రాసివ్వండి.

*వాస్తు చివర్లో చూడటం.* మీకు నమ్మకం లేకపోయినా ఇంట్లో పెద్దవాళ్లకి ఉంటే మొదటి వడపోతలోనే చూసేయండి. బయానా ఇచ్చాక "ఈశాన్యం కోసేశారు" అని తెలిస్తే ఇంట్లో గొడవ మీకే.

*మోడల్ ఫ్లాటు చూసి కొనడం.* అందులో ఫర్నిచర్ చిన్న సైజులో చేయించి పెడతారు, ఒక్కోచోట గదుల మధ్య తలుపులే ఉండవు. మీ మంచం, మీ ఫ్రిజ్ కొలతలు రాసుకుని వెళ్లండి.

*గృహప్రవేశం ముహూర్తం ముందే పెట్టేసుకోవడం.* ముహూర్తం దగ్గరపడ్డాక బిల్డరు ఏమన్నా మీరు సరే అనాల్సిందే. ముందు తాళాలు తీసుకుని, ఒక పూట ఖాళీ ఇంట్లో గడపండి. ప్రతి బాత్రూంలో బకెట్ నీళ్లు పోసి ట్రాపు వైపు వెళ్తున్నాయో, తలుపు వైపు వస్తున్నాయో చూడండి. ఫోన్ చార్జర్‌తో ప్రతి ప్లగ్ చూడండి. కిటికీలన్నీ మూసి తీయండి. టైల్స్‌ని నాణెంతో తట్టండి. డొల్లగా మోగితే కింద సిమెంటు లేదు. అన్నీ ఫొటోలతో మెయిల్ పెట్టి, అవి సరిచేశామని తిరుగు మెయిల్ వచ్చాకే పంతులుగారికి ఫోన్ చేయండి.